బూ అలీ సీనా: ఆరోగ్య రక్షణలో వ్యాయామం

ఆరోగ్యమే మహాభాగ్యమని మన పెద్దలు ఏనాడో చెప్పారు. ఆ భాగ్యాన్ని నిలుపుకొనే ఉపాయమేమిటన్న ప్రశ్నకు శాస్త్రబద్ధంగా సమాధానం చెప్పిన మహనీయులు మాత్రం బహు కొద్దిమంది. వ్యాధి వచ్చిన తరువాత ఔషధమివ్వడం వైద్యంలో ఒక భాగమైతే, వ్యాధి రాకుండ శరీరాన్ని కాపాడడం మరొక భాగమని, ఈ రెండవదానిలో వ్యాయామానికి అగ్రస్థానమని సుమారు వేయి సంవత్సరాల క్రితమే నిర్ణయించిన వైద్యాచార్యుడు బూ అలీ సీనా. అరబ్బీలో ఇబ్న్ సీనా అని, ఐరోపా భాషల్లో అవిసెన్నా అని ప్రఖ్యాతి గాంచిన ఈ మహామేధావిని ఉర్దూ పాఠకులు షేఖుర్రయీస్ అని గౌరవంతో స్మరిస్తారు. ఆయన జీవితం విజ్ఞాన దాహానికి ఎంత గొప్ప ఉదాహరణమో, తెలిసిన సత్యాన్ని ఆచరణలో పెట్టకపోతే కలిగే నష్టానికి అంత గొప్ప హెచ్చరిక. అందుచేత ఆ జీవితాన్ని విద్యార్థి లోకం రెండు విధాల పరిశీలించవలసి ఉన్నది.

బాల్యము - విద్యాభ్యాసము

ఇబ్న్ సీనా క్రీ.శ. 980లో, నేటి ఉజ్బెకిస్తాన్ దేశంలోని బుఖారా నగర సమీపాన అఫ్షానా అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి అబ్దుల్లా బల్ఖ్ నగరం నుండి వచ్చి సామానీ ప్రభువుల కొలువులో గ్రామాధికారిగా పనిచేసిన వాడు. కొంతకాలానికి కుటుంబం బుఖారాకు తరలింది. ఆనాటి బుఖారా పండితులకు, గ్రంథాలకు నిలయం. బాలుడు పదేండ్లు నిండేసరికి ఖురాన్ షరీఫ్ సంపూర్ణంగా కంఠస్థం చేసి, సాహిత్యంలోనూ ప్రవేశం సంపాదించాడు. అంకగణితం నేర్చుకొనుటకు తండ్రి అతనిని ఒక కూరగాయల వర్తకుని వద్దకు పంపాడట. ఆ వర్తకుడు లెక్కలు కట్టే పద్ధతి భారతదేశపు గణిత పద్ధతి. మన దేశపు అంకెలు నాటికే మధ్య ఆసియా బజారులలో వాడుకలో ఉండేవని దీనివలన తెలుస్తున్నది.

తరువాత నాతిలీ అనే పండితుని వద్ద తర్కశాస్త్రం, యూక్లిడ్ రేఖాగణితం, టాలమీ ఖగోళశాస్త్రం అభ్యసించాడు. అనతికాలంలోనే శిష్యుడు గురువును మించిపోయాడు. పిమ్మట వైద్యశాస్త్రం వైపు దృష్టి మరల్చి, పదహారేండ్ల ప్రాయానికే అనుభవజ్ఞులైన వైద్యులు సైతం వచ్చి తన వద్ద పాఠం చెప్పించుకొనే స్థాయికి చేరాడు. రాత్రులు దీపం ముందు గడిచేవి. ఏదైనా సమస్య చిక్కుపడినప్పుడు మసీదుకు వెళ్ళి నమాజు చేసి, చిక్కు విడిపించవలసిందిగా దైవాన్ని ప్రార్థించేవాడు.

అరిస్టాటిల్ తత్త్వగ్రంథాన్ని నలుబది పర్యాయాలు చదివినా భావం బోధపడక నిరాశ చెందాడు. ఒకనాడు పుస్తకాల అంగడిలో కేవలం మూడు దిర్హములకు అల్ ఫారాబీ రచించిన ఒక చిన్న వ్యాఖ్యానం దొరికింది. దానిని చదవగానే అంతవరకు మూసుకొని ఉన్న ద్వారాలన్నీ తెరుచుకున్నట్లయింది. ఆ సంతోషంతో మరునాడు బీదలకు దానధర్మాలు చేశాడు. నలుబది సార్లు విఫలుడైనా చదువు మానని ఆ పట్టుదల నేటి విద్యార్థులకు ఆదర్శప్రాయం.

సుమారు పదిహేడేండ్ల వయసులో ఆయన జీవితం మలుపు తిరిగింది. సామానీ ప్రభువు నూహ్ ఇబ్న్ మన్సూర్ వ్యాధిగ్రస్తుడైనాడు. ఆస్థాన వైద్యులకు ఆ వ్యాధి అంతుపట్టలేదు. వారి సూచన మేరకు ఇబ్న్ సీనాను పిలిపించారు. చికిత్సలో పాలుపంచుకొన్న ఆ యువకుడు ప్రభువు అనుగ్రహం సంపాదించి, ప్రతిఫలంగా రాజగ్రంథాలయంలో చదువుకొనే అనుమతి పొందాడు. ఒక్కొక్క శాస్త్రానికి ఒక్కొక్క గది, గదుల నిండా పెట్టెలు, పెట్టెల నిండా గ్రంథాలు! పద్దెనిమిదవ ఏట విద్యాభ్యాసం పూర్తి చేశానని, ఆ తరువాత తన జ్ఞానం పరిపక్వమైనదే తప్ప కొత్తగా పెరగలేదని ఆయన తన స్వీయచరిత్రలో చెప్పుకొన్నాడు.

సంచారము - కష్టనష్టాలు

అయితే అదృష్టం చిరకాలం నిలువలేదు. 999లో సామానీ రాజ్యం పతనమైంది. తండ్రి కూడ కాలధర్మం చెందాడు. జీవనోపాధికై ఇబ్న్ సీనా బుఖారా విడిచి ఖ్వారిజమ్ రాజ్యంలోని గుర్గాంజ్ చేరుకొన్నాడు. గజనీ మహమ్మదు ప్రాబల్యం దినదినాభివృద్ధి చెందుతున్న రోజులవి. ఆయన కొలువులో చేరుటకు ఇష్టపడక ఇబ్న్ సీనా అక్కడి నుండి కూడ బయలుదేరాడని చెబుతారు. ఎడారులు దాటి, ఊరూరు తిరిగి, కాస్పియన్ సముద్ర తీరానికి చేరువలోని జుర్జాన్ చేరాడు. అక్కడే జూజ్జానీ అనే శిష్యుడు లభించాడు. గురువును కడదాకా విడువక, ఆయన చరిత్రను లోకానికి అందించిన వాడు ఈ జూజ్జానీయే. విశ్వవిఖ్యాతమైన అల్ ఖానూన్ ఫిత్తిబ్ రచనకు శ్రీకారం చుట్టినది కూడ జుర్జాన్‌లోనే.

అటు పిమ్మట రయ్ నగరం, అక్కడి నుండి హమదాన్. హమదాన్ ప్రభువు షమ్సుద్దౌలా తీవ్రమైన కడుపుశూల నుండి తనను విముక్తుణ్ణి చేసినందుకు ఇబ్న్ సీనాను వజీరుగా నియమించాడు. వైద్యునికి మంత్రి పదవి ముళ్ళ కిరీటమే అయింది. సైనికులు తిరుగుబాటు చేసి, ఆయన ఇల్లు దోచి, మరణశిక్ష విధించమని పట్టుబట్టారు. ఆయన నలుబది దినాలు ఒక మిత్రుని ఇంట తలదాచుకున్నాడు. ఇంతలో ప్రభువుకు శూల తిరగబెట్టగా మరల పిలిపించి, క్షమాపణ వేడి, పదవి అప్పగించాడు. పగలంతా ప్రభుత్వ కార్యాలు, రాత్రియంతా శిష్యులతో గ్రంథపఠనం, రచన - ఇదీ ఆయన దినచర్య. ఇందులో విశ్రాంతికి, శరీర సంరక్షణకు తావెక్కడిది?

షమ్సుద్దౌలా మరణానంతరం ఇబ్న్ సీనా పరిస్థితి మరల ప్రమాదంలో పడింది. ఒక ఔషధ వర్తకుని ఇంట దాగి, చెంత ఒక్క గ్రంథమైనా లేకుండ, జ్ఞాపకశక్తినే ఆధారం చేసుకొని రోజుకు ఏబది పత్రాల చొప్పున కితాబుష్షిఫా రచించాడు. చివరకు పట్టుబడి ఫర్దజాన్ కోటలో నాలుగు నెలలు ఖైదు అనుభవించాడు. ఆ చెరసాలలోనూ కలం ఆగలేదు. అక్కడ రాసిన గ్రంథాలలో కడుపుశూలను గురించినది ఒకటి. ఆ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవలసిందిగా మనవి. విడుదలైన కొంతకాలానికి సూఫీ ఫకీరు వేషం ధరించి, జూజ్జానీతోను, తమ్మునితోను హమదాన్ నుండి తప్పించుకొని ఇస్ఫహాన్ చేరాడు. అక్కడి ప్రభువు అలాఉద్దౌలా ఆయనను సగౌరవంగా ఆదరించాడు. జీవితంలో శేషించిన సంవత్సరాలు ఆ ప్రభువు నీడలోనే గడిచాయి.

అల్ ఖానూన్ - అందులో వ్యాయామం

అల్ ఖానూన్ ఐదు సంపుటాల బృహద్గ్రంథం. మొదటిది వైద్యశాస్త్ర మూలసూత్రాలు, రెండవది ఒంటరి ఔషధాలు, మూడవది తల మొదలు పాదం వరకు అవయవాల వ్యాధులు, నాలుగవది జ్వరాలు మొదలైన సర్వశరీర వ్యాధులు, ఐదవది మిశ్రమ ఔషధాలు. 12వ శతాబ్దంలో టొలిడో నగరంలో క్రెమోనా వాసియైన జెరార్డ్ దీనిని లాటిన్ భాషలోకి అనువదించాడు. 17వ శతాబ్దం దాకా ఐరోపా విశ్వవిద్యాలయాలలో ఇది పాఠ్యగ్రంథం. 1593లో రోము నగరంలో అరబ్బీ మూలం అచ్చయింది. హైదరాబాదులో చార్మినారు చెంతనున్న నిజామియా తిబ్బీ కళాశాల వంటి యూనానీ విద్యాసంస్థలలో కుల్లియాత్ అనే పేరుతో బోధించే మూలసూత్రాలకు ఈ గ్రంథపు మొదటి సంపుటమే పునాది.

ఆ మొదటి సంపుటంలో ఆరోగ్య రక్షణకు ప్రత్యేకంగా ఒక భాగం ఉన్నది. శరీర రక్షణకు వ్యాయామం, ఆహారం, నిద్ర అనే మూడూ ముఖ్యమని పేర్కొని, ఆ మూడింటిలో వ్యాయామాన్నే ముందు నిలబెట్టాడు. ఆయన వాడిన పదం మన ఉర్దూ సోదరులకు సుపరిచితమైన రియాజత్ అన్నదే. మనిషి తన ఇచ్ఛతో చేసే కదలిక, ఊపిరి లోతుగాను, వేగంగాను పీల్చక తప్పని స్థితికి తెచ్చేటట్లయితే దానిని ఆయన వ్యాయామమన్నాడు. కాలు కదిపినంత మాత్రాన వ్యాయామం కాదన్నమాట. శ్వాస దానికి సాక్ష్యమివ్వాలి. నేటి వైద్యులు వ్యాయామ తీవ్రతను అంచనా వేయుటకు శ్వాసను, మాట్లాడగలిగే శక్తిని పరీక్షించమని చెప్పడం ఈ నిర్వచనాన్ని గుర్తుకు తెస్తున్నది.

వ్యాయామం ఎందుకు అవసరమన్నదానికి కూడ ఆయన కారణం చూపాడు. భుజించిన ఆహారం ఎంత చక్కగా జీర్ణమైనా, ప్రతిసారి కొంత వ్యర్థం మిగులుతుంది. అది కొద్దికొద్దిగా పేరుకొని వ్యాధులకు బీజమవుతుంది. విరేచనౌషధాలతో దానిని తొలగించవచ్చును గాని, ఆ ఔషధాలలో అనేకం శరీరాన్ని బలహీనపరుస్తాయి. తగిన వేళ, తగిన మోతాదులో వ్యాయామం చేసేవారికి ఆ వ్యర్థం పేరుకొనదు, సహజోష్ణం వృద్ధి చెందుతుంది, కీళ్ళు, నరాలు దృఢపడతాయి, మందుల అవసరమే తగ్గుతుంది.

వ్యాయామ భేదాలను కూడ ఆయన ఓపికతో వివరించాడు. కుస్తీ, పరుగు, వడినడక, విలువిద్య, ఈటె విసరడం, గుర్రపు స్వారీ మొదలైనవి బలవంతులకు. ఉయ్యాల, పడవ ప్రయాణం వంటి మృదువైనవి బలహీనులకు, కోలుకొంటున్న రోగులకు. భుజించిన వెంటనే గాని, కడుపు బొత్తిగా ఖాళీగా ఉన్నప్పుడు గాని వ్యాయామం తగదన్నాడు. ముందు, వెనుక శరీరమర్దనం చేయమన్నాడు. శరీరచ్ఛాయ నిగారింపు, కదలికలలో తేలికదనం ఉన్నంతవరకే కొనసాగించి, అవి తగ్గగానే ఆపివేయమన్నాడు. వృద్ధులకు వారివారి శరీరస్థితిని బట్టి నిర్ణయించమన్నాడు. మన ప్రాంతంలో తాలీంఖానాలలో ఉస్తాదులు ముందుగా నూనెతో ఒళ్ళు మర్దన చేయించి, తరువాతనే దండీలు, బస్కీలు తీయించి, ఆపైన కుస్తీ గోదాలోకి దింపడం కూడ ఇటువంటి క్రమానికి చెందినదే.

నేటి విజ్ఞానము చెప్పునది

ఇబ్న్ సీనా కాలంలో సూక్ష్మదర్శిని లేదు. జీవకణమన్న మాటే రాబర్ట్ హుక్ 1665లో ప్రయోగించే వరకు శాస్త్రంలో లేదు. నాలుగు ధాతువుల సిద్ధాంతాన్ని ఆధునిక విజ్ఞానం అంగీకరించదు. అయినప్పటికీ వ్యాయామాన్ని గురించి ఆయన చేసిన నిర్ణయం తప్పలేదని, దానికి కారణాలు మాత్రం కణంలో ఉన్నవని ఇటీవలి పరిశోధనలు వెల్లడించాయి.

మానవ శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలున్నవని అంచనా. వీటిలో ఎక్కువభాగం ఎర్ర రక్తకణాలు. అవి కాక మిగిలిన కణాలలో దాదాపు అన్నింటిలోను మైటోకాండ్రియా అనే సూక్ష్మ భాగాలుంటాయి. ప్రాణవాయువు సాయంతో ఆహారాన్ని శక్తిగా మార్చే కర్మాగారాలివి. 1967లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ హలోజీ ఎలుకలను క్రమంగా పరుగెత్తించి పరీక్షించగా, వాటి కండరాలలో మైటోకాండ్రియా శక్తి దాదాపు రెట్టింపు కావడం కనిపించింది. కండరానికి పని కల్పిస్తే అది తన కర్మాగారాలను తానే పెంచుకొంటుందన్నమాట.

మధుమేహం విషయం చూద్దాం. రక్తంలోని చక్కెర కండరకణంలోనికి పోవాలంటే సాధారణంగా ఇన్సులిన్ ద్వారం తెరవాలి. కండరం సంకోచించినప్పుడు మాత్రం ఇన్సులిన్ ప్రమేయం లేకయే ఆ ద్వారాలు కణం ఉపరితలానికి వచ్చి చక్కెరను లోనికి తీసుకొంటాయి. ఈ కారణం చేతనే నడక మధుమేహాన్ని అదుపు చేస్తున్నది. 2002లో అమెరికాలో ప్రకటితమైన ఒక పెద్ద పరిశీలనలో, మధుమేహం వచ్చే ప్రమాదమున్నవారు ఆహార నియమం, వ్యాయామం పాటించి కొంత బరువు తగ్గగా, వ్యాధి సోకడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ ఔషధం వలన తగ్గినది 31 శాతమే. మన దేశంలో జరిగి 2006లో ప్రకటితమైన ఇటువంటి పరిశీలనలో కూడ జీవన విధానపు మార్పు వలన సుమారు 28 శాతం తగ్గుదల కనిపించింది. 2023లో వెలువడిన అంచనా ప్రకారం మన దేశంలో మధుమేహ పీడితులు 10 కోట్లకు పైగా ఉన్నారంటే, ఈ అంకెల విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

గుండె విషయానికి వస్తే, 1953లో లండన్ నగరంలో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు సుమారు 31 వేల మంది రవాణా ఉద్యోగులను పరిశీలించాడు. రోజంతా కూర్చొని బస్సు నడిపే డ్రైవర్లకంటె, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కుతూ దిగుతూ టిక్కెట్లు ఇచ్చే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వస్తున్నదని తేలింది. వ్యాయామంలో రక్తం వేగంగా ప్రవహించినప్పుడు రక్తనాళాల లోపొర కణాలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తాయి. దానివలన నాళాలు సడలి రక్తపుపోటు తగ్గుతుంది. ఈ వాయువు పాత్రను కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమతి లభించింది.

అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది మరొకటి ఉన్నది. ప్రతి కణం తనలో పాడైపోయిన భాగాలను తానే విరిచి, పనికివచ్చే పదార్థాన్ని తిరిగి వాడుకొంటుంది. దీనిని ఆటోఫజీ అంటారు. దీని మర్మాన్ని ఛేదించిన జపాన్ శాస్త్రజ్ఞుడు యోషినోరి ఓసుమీకి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది. పరుగెత్తిన ఎలుకల కండరాలలో ఈ శుద్ధికార్యం చురుకుగా సాగుతున్నదని 2012లోనే రుజువైంది. ఇబ్న్ సీనా ఊహించిన వ్యర్థం, నేటి శాస్త్రజ్ఞులు చూచిన వ్యర్థం ఒకటి కావు. కాని శరీరం కదిలితేనే లోపల శుభ్రపడుతుందన్న మూలభావం మాత్రం రెండింటా కానవస్తున్నది.

చివరి దినములు - మనకు పాఠము

ఇంత తెలిసిన వైద్యశిఖామణి తన శరీరం విషయంలో ఏమి చేశాడు? శిష్యుడు జూజ్జానీ ఈ సంగతి దాచలేదు. గురువు తన దేహబలం మీద మితిమీరిన విశ్వాసముంచి, భోగాలలో సంయమనం పాటించలేదని రాశాడు. అలాఉద్దౌలాతో యుద్ధయాత్రలో ఉండగా కడుపుశూల పట్టుకొన్నది. ఏ వ్యాధిని ఇతరులకు నయం చేసి వజీరు అయినాడో, ఏ వ్యాధి మీద చెరసాలలో గ్రంథం రాశాడో, ఆ వ్యాధే! సైన్యం వెనుదిరిగితే తాను నడవలేక చిక్కిపోతానన్న భయంతో, త్వరగా నయం కావాలని ఒక్క దినంలో ఎనిమిది పర్యాయాలు వస్తి చికిత్స చేసుకొన్నాడు. ప్రేగులు పుండ్లు పడ్డాయి. కొంత కోలుకొన్నా పథ్యం పాటించలేదు. వ్యాధి తగ్గుతూ, తిరగబెడుతూ వచ్చింది. హమదాన్ ప్రయాణంలో పూర్తిగా క్షీణించి, ఇక ఈ శరీరాన్ని నడిపే శక్తి తనకు లేదని గ్రహించి మందులు మానివేశాడు. అంత్యదినాలలో ఆస్తి పేదలకు పంచి, బానిసలకు విముక్తి కలిగించి, ఖురాన్ పారాయణంలో గడిపాడని చెబుతారు. 1037లో, రంజాన్ మాసంలో, 57వ ఏట హమదాన్‌లో పరమపదించాడు. ఆయన సమాధి నేటికీ అక్కడ దర్శనీయం. 1980లో యునెస్కో ఆధ్వర్యాన ఆయన సహస్ర జయంతి ప్రపంచమంతటా జరిగింది.

వ్యాయామం సర్వరోగనివారిణి అని భ్రమించరాదు. దానిని నిత్యం చేసేవారికి కూడ వ్యాధులు రావచ్చు. ఇబ్న్ సీనా మితంగా జీవించి ఉంటే ఎంతకాలం బ్రతికేవాడో ఎవరూ చెప్పలేరు. కాని జ్ఞానం గ్రంథంలో ఉన్నంత మాత్రాన దేహానికి అందదని ఆయన జీవితం నిరూపించింది. మైటోకాండ్రియా పేరు పరీక్షలో సరిగా రాసిన విద్యార్థి కండరంలోను, ఆ పేరు ఎరుగని కూలివాని కండరంలోను అవి ఒకే నియమానికి లోబడి ఉంటాయి. కండరాన్ని కదిలించిన వానికే అవి ఫలితమిస్తాయి.

విద్యార్థి సోదర సోదరీమణులారా! పరీక్షలు సమీపించగానే తెల్లవార్లు మేలుకొని, ఆటస్థలం ముఖం చూడక, టీ నీళ్ళతో కాలం గడపడం మనలో చాలామందికి అలవాటు. ఐదు మొదలు పదిహేడేండ్ల వయసువారు సగటున దినానికి 60 నిమిషాలు, పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమతో వ్యాయామం చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. దీనికి ధనవ్యయం లేదు. వడిగా నడవడం, సైకిలు తొక్కడం, బంతి ఆడడం చాలును. గుండెజబ్బు వంటి వ్యాధులున్నవారు మాత్రం వైద్యుని సలహా పొంది ఆరంభించాలి. ఆడపిల్లలకు కూడ ఇది సమానంగా వర్తిస్తుంది గనుక, వారు సంకోచం లేకుండ ఆడుకొనే వేళను, స్థలాన్ని కల్పించే విషయం కళాశాల పాలకవర్గం వారు సానుభూతితో యోచించవలసిందిగా ప్రార్థన. గ్రంథాలయం ఎంత అవసరమో, ఆటస్థలం అంతే అవసరం. షేఖుర్రయీస్ వద్ద మనం విద్య పట్ల తృష్ణను నేర్చుకొందాం. ఆయన రాసి పాటించలేకపోయిన నియమాన్ని మనం పాటించి, ఆయన పట్ల మన గౌరవాన్ని చాటుకొందాం.